కూర్మారావు తాగని కల్లు

ఇనుప గనుల ఊరు బచేలి సంతలో ఎండుచేపల కన్నమ్మను ఎరగనివాళ్ళు లేరు. రైల్వే క్వార్టర్ల నుంచి ఆమె బయలుదేరితే సంతకు ముందు గొంతు చేరుతుంది, తరవాత గంప చేరుతుంది. విశాఖ రేవులో ఉన్న తమ్ముడు పాసింజరు బండిలో వేసి పంపే గోనెల్లో నెత్తళ్ళు, సావిడాయిలు, ఎండు రొయ్యలు వస్తాయి. అవి పరిచి కూర్చుందంటే కొండల్లోంచి దిగివచ్చిన ఆడవాళ్ళతో బజారు హిందీలో, కంపెనీ క్వార్టర్ల ఇల్లాళ్ళతో శ్రీకాకుళం యాసలో, బేరం తెగకపోతే నేరుగా దేవుడితోనే మాట్లాడుతుంది. ఉన్న మాట ముఖాన అనేసే మనిషని ఆమెకు పేరు. గట్టిగా మాట్లాడేవాళ్ళు నిజమే మాట్లాడతారని లోకానికి ఒక నమ్మకం. తన గురించి కన్నమ్మకూ ఆ నమ్మకమే ఉండేది.

ఆమె మొగుడు కూర్మారావు రైలు పట్టాల మీద కీమేన్. తన వంతు పట్టా పొడవునా రోజూ నడుచుకుంటూ పోయి, వదులైన క్లిప్పులను సుత్తితో బిగించి రావడం అతని పని. ఇనుప రాయి నింపుకొని కొండ దిగే గూడ్సు బళ్ళన్నీ ఆ పట్టాల మీంచే పోతాయి కాబట్టి కీమేన్ కన్ను తప్పకూడదు, కాలు తడబడకూడదు. పెళ్ళైన కొత్తలో అతను బాగా తాగేవాడు. కన్నమ్మ ఏడ్చి, తిట్టి, అలిగి, ఆఖరికి ప్రార్థన మందిరానికి లాక్కుపోయి బాప్తిస్మం ఇప్పించి ఆ తాగుడు మానిపించింది. మానేశాక అతను చుక్క ముట్టలేదు. పిల్లలు పుట్టని ఆ ఇంట్లో మొగుడు మానేసిన తాగుడే ఆమె పెంచుకున్న బిడ్డ. ఏటా కొత్త సంవత్సరం ప్రార్థనలో లేచి సాక్ష్యం చెప్పేది.

"నా పెనిమిటిని దేవుడు బురదలోంచి లాగినాడు. తాడు నాను పట్టుకున్నాను" అనేది. సంఘమంతా నవ్వేది. కూర్మారావు తల వంచుకొని తానూ నవ్వేవాడు. మెత్తని మనిషి.

అలాంటి మనిషి తడబడడం మొదలుపెట్టాడు. మొదట చేతులు వణికాయి. తరవాత మాట బరువెక్కింది. చొక్కా తిరగేసి తొడుక్కునేవాడు. అన్నం తిన్న కాసేపటికి గోడకు చేరగిలబడి కళ్ళు తేలేసి కూర్చునేవాడు. పిలిస్తే చాలాసేపటికి "ఆఁ" అనేవాడు. మర్నాటికి మామూలుగా లేచి సుత్తి భుజాన వేసుకొని వెళ్ళేవాడు. నిన్న ఏమైందంటే, ఏమైంది అని అతనే ఎదురు అడిగేవాడు.

ఒకరోజు అతనితో పాటు పట్టాల గాంగులో పనిచేసే లక్ష్మణ్ ఇంటికి వచ్చాడు. అతనిది కుంట అనే ఊరి వైపు గొల్లపల్లి. కూర్మారావంటే ఇష్టం ఉన్నవాడే.

"దీదీ, బురా మత్ మానో, ఏమనుకోకు. అన్న తాగి వస్తుండు. పొద్దుగాల సుత్తి మరిచి పోయిండు. నిన్న ఎర్రజెండా చేతిల పట్టుకొని, అదేందో తెల్వనట్టు చూస్తుండు. బండి వచ్చే టైముకు నేనే పక్కకు గుంజిన."

"తాగుడు పట్టే మిషను ఊదించినారు గదా?" అంది కన్నమ్మ.

"ఊదిండు. జీరో వచ్చింది. ఏంది మరి? జీలుగు కల్లు ఆ మిషన్ల పడదంటున్నరు అందరు."

ఈ మాట ఎవరు పుట్టించారో ఎవరికీ తెలియదు. పట్టాల పక్క ఊళ్ళలో జీలుగు చెట్లు బోలెడు. హిందీ వాళ్ళు సల్ఫీ అంటారు, ఏ పేరు పెట్టినా కల్లు కల్లే, తాగితే మిషన్లో పడి తీరుతుంది. కానీ సున్నా వచ్చింది కాబట్టి మనిషి తాగలేదేమో అని అనుకోవడానికి ఆ గాంగులో ఒక్కడికీ మనసు ఒప్పలేదు. మనిషిని కాదని మిషన్ను నమ్మే రోజుల్లో, ఈ ఒక్కడి విషయంలో మాత్రం మిషనే తప్పన్నారు.

కన్నమ్మ ఆ సాయంత్రం మొగుడి నోటి దగ్గర ముక్కు పెట్టి చూసింది. తియ్యగా, పులిసినట్టు వాసన వచ్చింది. ఆ వాసన ఏదో కల్లు వాసనే అనిపించింది. నిజానికి అనిపించడం ఎందుకు, ఆమెకు అప్పటికే రూఢి అయిపోయింది.

"ఎక్కడ తాగినావు?"

"నేదే. తాగనేదు."

"మరి వాసనేటి?"

అతను తన అరచేతిలోకి ఊపిరి వదిలి వాసన చూసుకున్నాడు. తనకేమీ తెలియలేదు. "ఏటోనే" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

సంతలో ఆమె దగ్గర ఎప్పుడూ ఎండు రొయ్యలు కొనే దేవే అనే గోండు ఆవిడ ఉంది. ఆమె ఊరు సరిగ్గా కూర్మారావు నడిచే పట్టా పక్కనే. కన్నమ్మ ఆమెను పక్కకు పిలిచి, మా ఆయన మీ ఊళ్ళో ఎవరింట తాగుతాడో చెప్పమని నిలదీసింది.

"నహీ దీదీ. నీ ఆద్మీ మా ఇంట నీళ్ళే తాగుతడు. ఇంకేం లే" అంది దేవే.

"మీరంతా ఒకటే. అమ్ముకునేవోళ్ళు నిజం సెప్తారేటి?"

దేవే నొచ్చుకుంది. ఆ వారం రొయ్యలు కొనకుండా వెళ్ళిపోయింది. నిజం తెలిసిన మనిషి ఒక్కతే, ఆమె మాట కొట్టిపారేయడానికి కన్నమ్మకు రెప్పపాటు పట్టలేదు.

తిట్టే నోరు తిడుతూనే ఉంది, పెట్టే చెయ్యి పెడుతూనే ఉంది. తాగేవాడి కార్జం కుళ్ళిపోతుందని కన్నమ్మకు తెలుసు. కార్జం పాడైతే కార్జమే తినిపించాలని ఆమె అమ్మ చెప్పేది. కోడి కార్జం, దొరికిన రోజున మేక కార్జం, దొరకని రోజున నెత్తళ్ళ పులుసు. మంచి సరుకు అమ్మకానికి పెట్టకుండా ఇంటికి దాచేది. "తిను, తిని బతుకు" అని కంచంలో మరో గరిటె వేసేది. అతను వద్దనేవాడు కాదు. తిన్నాక గోడకు జారగిలబడేవాడు, మాట ముద్దయ్యేది. ఇంట్లో తిండి, బయట కల్లు అని ఆమె తల బాదుకునేది. అన్నం పెట్టి పెరట్లోకి వెళ్ళి వచ్చేలోగా ఎప్పుడు తాగి వచ్చాడా అని క్వార్టరు చుట్టూ సీసాల కోసం వెతికేది. సీసా ఒక్కటి కూడా దొరకలేదు. దొరకకపోవడం కూడా అతని గడుసుతనం కిందే జమ అయింది.

చివరకు ఒక ఆదివారం, సంఘంలో సాక్ష్యాల వేళ కన్నమ్మ లేచి నిలబడింది. నా పెనిమిటి మళ్ళీ పడిపోయాడు, దొంగతనంగా తాగుతున్నాడు, సంఘం బుద్ధి చెప్పాలి అంది. ఎవరూ నవ్వలేదు. పాస్టరు అయ్యగారు కూర్మారావును లేవమన్నారు.

"తాగుతున్నావా, బాబూ?"

అతను చాలాసేపు ఆలోచించాడు. మగవాళ్ళ వరస, ఆడవాళ్ళ వరస, అందరూ అతన్నే చూస్తున్నారు.

"నాకు గుర్తు నేదు అయ్యగారూ" అన్నాడు. "జెండా సంగతి గుర్తు నేదు. సుత్తి సంగతి గుర్తు నేదు. కన్నమ్మ అబద్ధం సెప్పదు. తాగే ఉంటాను."

తాగినవాడు తాగలేదనడం ఎక్కడైనా వింటాం. తాగనివాడు తాగానని ఒప్పుకోవడం ఆ మందిరంలో ఉన్నవాళ్ళెవరూ అంతకుముందు వినలేదు, ఇప్పుడు విన్నామని వాళ్ళకు తెలియనూ లేదు. పెద్దలు అతన్ని ప్రభువు బల్లకు దూరం పెట్టారు. నెలకోసారి అందరూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే వేళ అతను బయట చెప్పుల దగ్గర నిలబడాలి. ఆ చిన్న సంఘంలో అంతకు మించిన సిగ్గు లేదు. కన్నమ్మ లోపల రొట్టె నములుతూ ఏడ్చింది. బయట అతను మోకరించి, తాను చేయని పాపానికి క్షమాపణ అడిగాడు. ఆ నెల నుంచి అడుగుతూనే ఉన్నాడు. అడిగీ అడిగీ దాన్ని పూర్తిగా నమ్మేశాడు.

డ్యూటీలో అతన్ని పట్టాల మీంచి తీసి సామాను గదిలో కూర్చోబెట్టారు. అక్కడ కూడా కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయేవాడు.

ఈస్టరు పండగనాడు కన్నమ్మ మేకమాంసం వండింది. అతను కడుపునిండా తిన్నాడు. మధ్యాహ్నం గడిచేసరికి ఎంత కుదిపినా లేవలేదు. పక్క ఊరి ప్రైవేటు డాక్టరు కనురెప్ప ఎత్తి చూసి, నోటి దగ్గర వాసన పీల్చి, పాత తాగుడు సంగతి కన్నమ్మ నోటనే విని, "తాగి తాగి లివరు పోయిందమ్మా. మానకపోతే పోతాడు" అన్నాడు. సెలైను పెడితే రెండో రోజుకు లేచాడు. మళ్ళీ పడ్డాడు. మూడోసారి పడ్డప్పుడు రైల్వే వాళ్ళే విశాఖకు రాసి పంపారు. లక్ష్మణ్ సెలవు పెట్టి తోడు వచ్చాడు. పాసింజరు బండి సొరంగాల్లో దూరినప్పుడల్లా కూర్మారావు ఉలిక్కిపడి సుత్తి కోసం తడుముకున్నాడు.

విశాఖలో పెద్దాసుపత్రి. కడుపు స్కానింగు చేసే డాక్టరమ్మ పేరు రత్నమాల. వయసులో చిన్నదే గాని తొందర లేని మనిషి. కూర్మారావు పొట్టకు చల్లటి జిగురు రాసి, తెర మీద చూస్తూ, కన్నమ్మను అడిగింది.

"ఎంత తాగుతాడమ్మా?"

"రోజూ తాగుతాడు తల్లీ."

"నువ్వు చూశావా?"

"సూడ్డమేటి, వాసనొస్తాది గదా."

డాక్టరమ్మ పరికరాన్ని పక్కటెముకల కింద మళ్ళీ మళ్ళీ తిప్పింది. ఊపిరి బిగబట్టమంది. పక్కకు తిరగమంది. తెర మీద ఎరుపూ నీలమూ మెరిశాయి, అది రక్తం పారే దారి అట. ఏదో వెతుకుతోందని, అది దొరకడం లేదని కన్నమ్మకు అర్థమైంది. సంతలో జారిపోయిన వస్తువు కోసం వెతికేవాళ్ళ ముఖం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

"తాగేవాళ్ళ లివరు గరుకుగా, ముడుచుకుపోయి ఉంటుంది" అంది డాక్టరమ్మ చివరికి. "పొట్టలో నీరు చేరుతుంది, ప్లీహం ఉబ్బుతుంది. ఈయనకు అవేవీ లేవు. కానీ ఉండాల్సిన నరం ఒకటి కనబడటం లేదు. మందు ఎక్కించి పెద్ద స్కానింగు తీయాలి."

తీశారు. రక్తంలో అమ్మోనియా చూశారు, మామూలుకు ఎన్నో రెట్లు ఉంది. తల స్కానింగు కూడా తీశారు, మెదడు లోపల రెండు వైపులా తెల్లని మచ్చలున్నాయి. మర్నాడు డాక్టరమ్మ కన్నమ్మనూ లక్ష్మణ్‌నూ తెర ముందు కూర్చోబెట్టింది.

"మీరు రైల్వే వాళ్ళు కదా, మీ లెక్కలోనే చెబుతాను. మనం తిన్నదంతా పేగుల్లోంచి రక్తంలో కలుస్తుంది. ఆ రక్తం ఒక పెద్ద నరం గుండా ముందు లివర్లోకి వెళ్ళాలి. యార్డులోకి గూడ్సు బండి వెళ్ళినట్టు. అక్కడ చెడ్డదంతా దించుకుని, శుభ్రపడి గుండెకు పోవాలి. ఈయనకు యార్డులోకి లైనే లేదు. ఇదిగో చూడండి, ఈ నరం లివర్ని తాకకుండా పక్కనుంచి పోయి నేరుగా గుండెకు వెళ్ళే నరంలో కలిసిపోయింది. పుట్టుకతోనే ఇంతే. చాలా అరుదు. నేను పుస్తకంలో చూశాను గాని మనిషిలో చూడటం ఇదే మొదలు."

"మరి ఇన్నేళ్ళు బాగానే ఉండెగా?" అన్నాడు లక్ష్మణ్.

"వయసులో మెదడు తట్టుకుంటుంది. పెద్దయ్యేకొద్దీ తట్టుకోలేదు. చేప, మాంసం ఎక్కువ తింటే పుట్టే అమ్మోనియా విషం మెదడుకు పోతుంది. మత్తు, వణుకు, మతిమరుపు వస్తాయి. నోట్లో ఆ తియ్యటి వాసనా దాని వల్లే."

కన్నమ్మ తెర వైపే చూస్తోంది. బూడిదరంగు బొమ్మలో తెల్లటి నరం ఒకటి, వంకర తిరిగి, పెద్ద నరంలో కలుస్తోంది. అంతే. ఇంతకాలం తాను క్వార్టరు చుట్టూ వెతికింది అది.

"అయితే తాగనేదా?" అంది.

"తాగలేదమ్మా."

"ఒక్క సుక్క కూడా?"

"ఆయన కడుపులో తాగుడు గుర్తు ఎక్కడా లేదు. ఎప్పుడో మానేసిన మనిషే."

"నాను కార్జం పెట్టినాను" అంది కన్నమ్మ. "పులుసు పెట్టినాను. రోజూ పెట్టినాను తల్లీ. ఒద్దన్నా ఏసినాను. మంచి సరుకంతా ఇంటికే దాసినాను."

పెట్టవలసిన మనిషే ప్రేమతో పెట్టింది, దానికి ఏ డాక్టరు మాత్రం ఏం చెబుతాడు? డాక్టరమ్మ మిగతాది చెప్పింది. ఆ అడ్డదారిని మూసేయాలంటే లోపలికి అసలు దారంటూ ఒకటి ఉండాలి, ఈయనకు అది లేదు, మూస్తే మనిషి పోతాడు. లివరే మార్చాలి. కానీ లివర్లో గడ్డలున్నాయి. వాటిలో ఒకటి క్యాన్సరు, అది అప్పుడే రక్తనాళంలోకి పాకింది, ఇక మార్చడమూ కుదరదు. విరేచనమయ్యే తియ్యటి మందు రోజూ పోస్తే మత్తు తగ్గుతుంది, మాంసం చేపలు మానితే తెలివి నిలుస్తుంది. ఉన్నన్నాళ్ళు ఇంట్లో ఉంచుకోండి అంది.

లక్ష్మణ్ వరండాలోకి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. "జీలుగు కల్లని నేనే అన్న దీదీ" అన్నాడు కన్నమ్మ బయటకు వచ్చాక. ఆమె అతన్ని ఏమీ అనలేదు.

బచేలి వచ్చాక ఆమె ఎండుచేపల గోనెలన్నీ పక్కింటికి పంపేసింది. పప్పు నీళ్ళు, మజ్జిగ, కూరలు వండింది. తియ్యటి మందు వేళకు పోసింది. కూర్మారావు మత్తు కొంత వీడింది. మనుషులను గుర్తుపట్టాడు, లక్ష్మణ్ వస్తే పట్టాల సంగతి అడిగాడు. ఒళ్ళు మాత్రం నానాటికీ కరిగిపోయింది. ఒక సంతరోజు ఆమె దేవేను వెతుక్కుంటూ వెళ్ళి చెయ్యి పట్టుకుంది. దేవేకు సంగతి అర్థం కాలేదు గాని చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నువ్వు తాగనేదు మావా" అని కన్నమ్మ అతనికి రోజూ చెప్పేది. అతను "సరేలే" అనేవాడు. మాట వింటున్నాడో, ఆమె మనసు నొప్పించలేక అంటున్నాడో తెలిసేది కాదు.

ఆదివారం ఆమె సంఘంలో నిలబడింది. స్కానింగు బొమ్మ అందరి ముందూ చాపి పట్టుకుని, నాను సెప్పింది అబద్ధం, నా పెనిమిటి తాగనేదు అంది. చెప్పిన తరవాత కూర్చోలేకపోయింది, పక్కనున్న ఆడవాళ్ళు పట్టుకుని కూర్చోబెట్టారు. అయ్యగారి కళ్ళు తడయ్యాయి. నడవలేని మనిషి బల్ల దగ్గరకు రాలేడు కాబట్టి బల్లే అతని దగ్గరకు పోవాలన్నారు. ఆ సాయంత్రమే పెద్దలంతా క్వార్టరుకు వచ్చారు. కన్నమ్మ ఇల్లంతా కడిగి, అతనికి తెల్లచొక్కా తొడిగి, మంచం మీద దిండ్లు పేర్చి కూర్చోబెట్టింది. ఇన్నాళ్ళకు మొగుడి పరువు తిరిగి వస్తోందని ఆమెకు ఒళ్ళు తెలియడం లేదు. గదిలో పట్టనివాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు.

అయ్యగారు ప్రార్థన చేశారు. కూర్మారావు మీద మోపిన నింద దేవుని ఎదుట, మనుషుల ఎదుట కొట్టివేశామని చెప్పారు. రొట్టెముక్క నోట్లో పెడితే కూర్మారావు బుద్ధిగా తిన్నాడు. తరవాత ద్రాక్షరసం గిన్నె పెదవుల దగ్గరకు వచ్చింది.

అతను పళ్ళు బిగించి ముఖం పక్కకు తిప్పేశాడు.

"ఒద్దయ్యగారూ. నాను మానేసినాను."

"ఇది ప్రభువు రసం బాబూ. తాగుడు కాదు."

"ఒద్దు. మళ్ళీ మొదలెట్టను. అది సూడండి, ఎలగ సిక్కిపోనాదో" అని కన్నమ్మను చూపించాడు.

కన్నమ్మ మంచం పక్కన కూలబడి అతని కాళ్ళు పట్టుకుంది. "నువ్వు తాగనేదు మావా! తాగనేదు! నాను తప్పు సెప్పినాను. ఈ ఒక్క గుక్క తాగు. నాకోసం తాగు."

తాగమని ఆమె బతిమాలుతుంటే అతను నమ్మలేనట్టు చూశాడు. తనను పరీక్షిస్తోందనుకున్నాడేమో, మెల్లగా నవ్వాడు. ఎముకలు తేలిన చెయ్యి ఎత్తి ఆమె తల నిమిరాడు.

"ఏడవకే" అన్నాడు. "ఒట్టు. ఇంక ముట్టను."

అయ్యగారు గిన్నె దించేశారు.